బుంగమూతికి కుట్టిన కోటు

ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. కొలతలు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంటాను, అప్పుడే టేపు నిజం చెబుతుంది. లూజుగా కుట్టేవాడు టైలరు కాదు, సంచులు కుట్టేవాడని నా నమ్మకం. ఈ మాట దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అడక్కపోయినా చెబుతుంటాను.

నన్ను లెక్కచేయని మనిషి ఒక్కతే, మా అక్క. సిటీ బస్సులో కండక్టరు. ఆమె యూనిఫాం చొక్కాలన్నీ మొదటినుంచీ నేనే కుడుతున్నాను. కాలరు గుండీ మాత్రం ఏనాడూ పెట్టుకోదు. నా కుట్టుకు తలవంపులని ఎన్నిసార్లు మొత్తుకున్నా నవ్వి ఊరుకుంటుంది.

ఎండలు మండిపోతున్న రోజుల్లో కొత్త కండక్టర్లకు శిక్షణ ఇమ్మని ఆమెను వారం పాటు పొరుగూరు పంపారు. వెళుతూ వెళుతూ తన పగ్ కుక్కను నాకు అంటగట్టింది. పేరు బుంగమూతి. ముక్కు ఉండాల్సిన చోట ముడతలు, మెలకువగా ఉన్నా గురక. బావ పోయాక అక్కకు ఇంట్లో తోడు అదొక్కటే. అందుకే జాగ్రత్తలు రెండుసార్లు అప్పజెప్పించుకుంది: తెల్లారకముందే తిప్పుకురావాలి, మెడకు పట్టీ కట్టకూడదు, పగలంతా ఫ్యాను కిందే ఉంచాలి, పక్కనే నీళ్ళుండాలి. రొప్పడం ఎక్కువైతే సొంత తెలివి వాడకుండా కుక్కల డాక్టరమ్మకు ఫోన్ చేయాలి.

మూడు రోజులు తు.చ. తప్పకుండా చేశాను. నాలుగో రోజు నా సొంత తెలివి నిద్రలేచింది. తువాలు గుడ్డతో కోటు కుట్టి, తడిపి తొడిగితే కుక్క చల్లగా ఉంటుంది, అక్క వచ్చి నోరెళ్ళబెడుతుంది. బుంగమూతి పడుకుని ఉండగా టేపు పట్టాను. రెండు పొరల గుడ్డ, పొట్ట కింద ఐదు గుండీలు, మెడకు కాలరు. తడిపి తొడిగితే ఎక్కడా ముడత లేదు. మురిసిపోయి అద్దంలో చూపించాను. అది ఎటో చూసింది.

దాన్ని వెనక గదిలో ఫ్యాను కింద వదిలి ముందుకొచ్చాను. బ్యాంకు క్యాషియరు ప్యాంటు పొడవు తగ్గిందని గొడవకు దిగాడు. నేను తగ్గే రకం కాదు. గంట గడిచింది. లోపలినుంచి రంపంతో కోస్తున్నట్టు చప్పుడు వినిపించింది.

వెళ్ళి చూస్తే బుంగమూతి కాళ్ళు తడబడుతున్నాయి. నాలుక నీలంగా మారింది, నోటినిండా జిగట చొంగ. కోటు ముట్టుకుంటే ఇస్త్రీ పెట్టె కిందనుంచి తీసినట్టుంది. తడిసిన కాజాల్లోంచి గుండీలు ఊడిరాలేదు. ఎందుకు వస్తాయి, కుట్టింది నేను కదా. కత్తెర తీసుకుని కాలరు నుంచి తోకదాకా కోసిపారేశాను.

ఫోన్లో డాక్టరమ్మ, ఒంటిమీద నీళ్ళు పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ వెంటనే తీసుకురమ్మంది. క్యాషియరు పొట్టి ప్యాంటుతోనే కారు తీశాడు. దారంతా సీసాతో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. అక్కకు ఏం చెప్పాలో తోచలేదు. ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

సాయంత్రానికి బుంగమూతి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టి, మొహం తిప్పుకుంది. గండం గడిచింది.

డాక్టరమ్మ గట్టిగానే చీవాట్లు పెట్టింది. ఇలాంటి పొట్టి మూతి కుక్కలకు గాలిదారి ఇరుకు, ఒళ్ళు చల్లబడాలంటే రొప్పడమొక్కటే దారి. తడిగుడ్డ చుట్టి వదిలేస్తే అది వెచ్చబడి వేడిని లోపలే పట్టి ఉంచుతుందట.

"కొలత ఎప్పుడు తీశారు?" అని అడిగింది.

"పడుకున్నప్పుడండీ."

"రొప్పుతున్నప్పుడు చూడాల్సింది. ఛాతీ ఎంత పొంగుతుందో తెలిసేది."

ముప్పై ఏళ్ళలో నా కొలత తప్పని నన్ను ఒప్పించిన మొదటి మనిషి ఆమె. తల ఎత్తలేకపోయాను.

అక్క వచ్చిన రోజు బుంగమూతి మామూలుగానే ఉంది. చెప్పకపోతే తెలిసేది కాదు. కానీ కోసిన కోటు ఆమె ముందు పెట్టి జరిగిందంతా చెప్పేశాను. ఆమె కుక్కను ఒళ్ళోకి తీసుకుని దాని ఛాతీ నిమిరింది. తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

చివరికి ఆ కాలరు ముక్క చేతిలోకి తీసుకుంది. "నన్నూ ఊపిరి బిగబట్టించే కొలిచావు కదరా, ఇన్నేళ్ళూ. పై గుండీ పెట్టుకుంటే నాకు స్టాపు పేరు నోట్లోంచి రాదు."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం అక్కా?"

"చెప్తే వినేవాడివా? దీనికి గుండీ తీసుకోవడం రాదు పాపం. నాకు వచ్చు కాబట్టి బతికిపోయాను."

నా మెడలో వేలాడుతున్న టేపు తీసి ఆమె మెడ చుట్టూ పెట్టాను. ఆమె అలవాటుగా ఊపిరి బిగబట్టింది.

"వదులు అక్కా. నీ రూట్లో స్టాపులన్నీ అరిచి చెప్పు, బస్సులో చెప్పినట్టే."

మొదటి స్టాపు నుంచి మొదలుపెట్టింది. బుంగమూతి ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నా వేళ్ళ మధ్యనుంచి టేపు అంగుళన్నర జారింది. పుస్తకం తీసి, పాత కొలత కొట్టేసి, కొత్తది రాసుకున్నాను.