వేట బందులో ఇంజిను

ఎర్రన్న కుక్క పేరు ఇంజిను. ఆడకుక్కకి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు గానీ ఊళ్ళో వాళ్ళెవరూ నవ్వరు. ఒడ్డున నలభై బోట్లున్నాయి. ఎర్రన్న బోటు ఇంకా కంటికి ఆనకముందే దాని ఇంజిను చప్పుడు పోల్చుకుని, ఈ కుక్క పడుకున్నది కాస్తా లేచి ఒడ్డుకి పరిగెత్తేది. తక్కిన ఆడవాళ్ళు ఎండలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రంలోకి చూస్తుంటే, ఎర్రన్న పెళ్ళాం బుల్లమ్మ ఇంట్లో దర్జాగా కూర్చుని కుక్క చెవులు చూసేది. చెవులు నిక్కాయంటే గంప ఎత్తుకునేది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ చెవులు తప్పు చెప్పలేదు.

ఒడ్డుకి వెళ్ళాక దానికి ఇంకా పనుంది. వలలోంచి దులిపిన చేపల మీద కాకిని వాలనివ్వదు. పక్క వీధి కుక్కల్ని దరిచేరనివ్వదు. ఇసకలో జారిపడిన కవళ్ళ చేపల్ని ఒక్కొక్కటే నోట పట్టి తెచ్చి గంప పక్కన పెడుతుంది, పంటి గాటు పడనివ్వదు. మనుషుల్లో అలాంటి నమ్మకస్తుణ్ణి ఒక్కణ్ణి చూపిస్తే దండం పెట్టొచ్చు.

అలాంటి జీవానికి ప్రభుత్వం వారు రెండు నెలలు సెలవిచ్చారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా ఇంజిను బోటు ఏదీ సముద్రంలోకి దిగకూడదు. ఊళ్ళో దాన్ని వేట బందు అంటారు. మనుషులకైతే మైకులో చెప్పారు. కుక్కకి ఎవరు చెప్తారు? కిందటేడు దాకా బందు రోజుల్లో ఎర్రన్న కూతురు అనిత దానితో ఒడ్డంతా పడి తిరిగేది, పరిగెత్తించేది, దాగుడుమూతలాడేది. ఈ ఏడు అనిత నర్సింగు చదువుకని విజయనగరం హాస్టల్లో చేరింది. ఇంక ఇంజినుకి దిక్కు లేదు.

మొదటి వారం రోజూ ఒడ్డుకి పోయి కూర్చుంది. రెండో వారం పోవడం మానేసింది. మూడో వారం నుంచి మొదలెట్టింది. బుల్లమ్మ చెప్పుల్లో ఎడమదాన్ని నమిలింది. చీపురు పుల్లలు పుల్లలుగా పీకింది. ఇంటెనక గొయ్యి తవ్వింది, పూడ్చింది, ఆ పూడ్చిందే మళ్ళీ తవ్వింది. బుల్లమ్మ కర్ర తీస్తే బుద్ధిగా పడుకునేది, కర్ర కింద పెడితే లేచేది. ఆఖరికి ఒకనాడు వెళ్ళి కూర్మయ్య వల మీద పన్ను వేసింది.

కూర్మయ్య బుల్లమ్మకి అన్న, ఎర్రన్నకి బావ. బోటు ఎర్రన్నది, వల కూర్మయ్యది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ కలిసే వేటకి పోతున్నారు. కూర్మయ్యకి వలంటే ప్రాణం. పరిచిన వలని ఎవరైనా దాటితేనే ఊరుకోడు, చెప్పులతో దాటితే వారం రోజులు మాటలుండవు. అలాంటివాడి వలలో జానెడు చిరుగు. ఆయన అరవలేదు. చిరుగులో వేళ్ళు దూర్చి చూసుకుని, ఇంకొక్కసారి దాని పన్ను పడిందంటే ధనరాజుకి ఇచ్చేస్తానని మాత్రం చెప్పాడు.

ఈ ధనరాజుది గజపతినగరం అవతల కోళ్ళ ఫారం. మేతలో కలపడానికి ఎండుచేపల కోసం నెలకోసారి ఒడ్డుకి వస్తాడు. గేటు దగ్గర కట్టేయడానికి మంచి కుక్క కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఎర్రన్న ఒకసారి ఆ ఫారం చూశాడు. గేటు పక్కన సిమెంటు స్తంభం, దానికి రెండు మూరల గొలుసు. గొలుసు చివరున్న కుక్క అంతకు వారం ముందే చచ్చిపోయిందట. కూర్మయ్య మాట వినగానే ఎర్రన్నకి ఆ గొలుసు కళ్ళ ముందు ఆడింది. ఇంజిను అక్కడ నెల కూడా బతకదు. ఎలాగైనా దాన్ని ఇక్కడే ఉంచుకోవాలి. అప్పటికి అతనికి ఇంకో కోరిక లేదు.

కూతురికి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు. అనిత అంతా విని, తప్పు దానిది కాదంది. దాని బుర్రకి పని లేదు, అందుకే ఆ ఆగడం. తిండి గిన్నెలో పడేయొద్దు, దాచిపెట్టి వెతుక్కోమనాలి, కట్టి ఇచ్చి విప్పుకోమనాలి, రోజుకో కొత్త పని చెప్పాలి అంది. కుక్క బుర్రకి పనేటి, ఇక్కడ మనుషుల బుర్రలకే లేదు, అని ఎర్రన్న నవ్వాడు. నవ్వాడు గానీ ఫోన్ పెట్టేసి కొబ్బరిచిప్పలు వెతికాడు.

మూడు చిప్పలు బోర్లించి ఒకదాని కింద ఎండు నెత్తళ్ళ చేపలు పెట్టాడు. మొదటిరోజు ఇంజిను వాసన చూసి సరైన చిప్పే తిప్పింది. రెండో రోజు వాసన కూడా చూడలేదు, మూడింటినీ కాలితో ఒక్క తన్ను తన్నింది. గుడ్డలో మూట కట్టి ఇద్దామంటే తన పాతచీరల మీద చెయ్యి వేశావంటే బాగుండదని బుల్లమ్మ అడ్డం తిరిగింది. ఎర్రన్న అటూ ఇటూ చూశాడు. వేటగాడి ఇంట్లో గుడ్డపీలికకి కరువు గానీ పాతవల ముక్కకి కరువా? నాలుగు నెత్తళ్ళు వలముక్కలో చుట్టి, బిగించి ముడేసి, ఇంటెనక దాని ముందు పడేశాడు.

అద్భుతంగా పనిచేసింది. ఇంజిను ఆ మూటని ముందరికాళ్ళ మధ్య పెట్టుకుని, ముందు పళ్ళతో ఒక్కొక్క దారమే కొరుకుతూ గంట సేపు కూర్చుంది. అయ్యాక నీళ్ళు తాగి, సాయంత్రం దాకా హాయిగా పడుకుంది. మర్నాడు ఎర్రన్న రెండు పొరలు చుట్టాడు. ఆ మర్నాడు మూడు. తెంపిన ప్రతి దారానికీ పక్కన గొంతుక్కూర్చుని శెభాష్ శెభాష్ అంటూ వీపు నిమిరాడు. కొరివితో తల గోక్కుంటున్నానన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. చెప్పడానికి కూర్మయ్య కూడా ఊళ్ళో లేడు, శ్రీముఖలింగంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాడు.

నాలుగోనాడు కూర్మయ్య తిరిగొచ్చి, వల దాచుకునే పాకలోకి వెళ్ళాడు. వల ఆ మూల నుంచి ఈ మూలకి లాగి ఉంది. ఎక్కడెక్కడ వల కన్నుల్లో పాత నెత్తలి ఇరుక్కుని ఎండిపోయి ఉందో అక్కడక్కడల్లా దారాలు తెగి ఉన్నాయి. పదకొండు చోట్ల. వల మధ్యలో ఇంజిను కూర్చుని ఉంది. వెనకాల వచ్చిన ఎర్రన్నని చూడగానే లేచి, తోకాడిస్తూ, నిమరమని వీపు చూపించింది.

ఎర్రన్న తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. కూర్మయ్య ఈసారి కూడా అరవలేదు. ధనరాజుకి ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాడు. బుల్లమ్మ ఇంట్లోకి వచ్చాక అసలు సంగతి నువ్వు చెప్తావా నేను చెప్పనా అని మొగుణ్ణి నిలదీసింది. ఆదివారం దాకా చూద్దామన్నాడతను. చెప్తే ఒడ్డున నలభై బోట్లవాళ్ళూ నవ్వుతారు, నవ్వులు ఎలాగోలా భరించొచ్చు. కానీ వలని కొరకడం తనే నేర్పాడని తెలిస్తే బావ ఇంక తన బోటెక్కడేమో. ఇరవై ఏళ్ళ జత. నిజం చెప్పాలంటే ఆదివారం దాకా ఆ మూడు రోజులూ అతను నోరు లేని జీవం మీద తప్పు తోసేసి తిరిగాడు. పేరు పెట్టి చెప్పుకుంటే అది పిరికితనమే.

ఈలోపు ఇంజినుని గుంజకి కట్టేశారు. అది మొరగలేదు, తాడు కొరకలేదు. ముందరికాలు నాకడం మొదలెట్టింది. నాకి నాకి శనివారానికి వెంట్రుకలూడి చర్మం ఎర్రబడింది. ఎర్రన్న గిన్నెలో అన్నం పెట్టి, దాని మొహం చూడకుండా ఇంట్లోకి వచ్చేవాడు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ధనరాజు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. చేతిలో కొత్త గొలుసు. పదిమందీ పోగయ్యారు. ఎర్రన్నకి లోపల ఒక ఆశ ఉంది. కుక్క మొరాయిస్తుంది, కాళ్ళు తన్నిపెట్టి ఏడుస్తుంది, ధనరాజుని కరిచినా కరుస్తుంది, అప్పుడు ఆయనే వద్దని పోతాడు. తను నోరు విప్పక్కర్లేకుండా గండం గడుస్తుంది.

డీజిలు ఆటో ఆగినా దాని ఇంజిను ఆపలేదు, డుగడుగమంటూనే ఉంది. కుక్క చెవులు నిక్కాయి. నెల రోజుల్లో అవి నిక్కడం అదే మొదలు. ఎర్రన్న గుంజ దగ్గర తాడు విప్పీ విప్పగానే అది ఒక్క దూకున ట్రాలీలోకి ఎక్కి, ఎండుచేపల బస్తాల మీద నిలబడి, తోక ఆడిస్తూ అందర్నీ చూసింది. ఎవరో నవ్వారు. సూడండి, దాని ఇష్టంతోనే ఎల్తన్నాది, అన్నాడు ధనరాజు.

ఎర్రన్న దాని మొహం చూశాడు. అది తనని వదిలి పోవడం లేదు. పనికి పోతున్నాననుకుంటోంది. గొలుసు సంగతి దానికి తెలీదు, తనకి తెలుసు. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"బావా," అన్నాడు కూర్మయ్యతో. "దాని తప్పు లేదు. వల కొరకడం నానే నేర్పినాను. నెత్తళ్ళు వలముక్కలో సుట్టి ఇచ్చి, కొరికిన కాడికల్లా శెభాష్ అన్నాను. మూడు రోజులు నేర్పినాను. నీకు సెప్పలేక దాని మీదికి నెట్టీసినాను."

కూర్మయ్య బావమరిదిని ఎగాదిగా చూశాడు. తర్వాత ధనరాజు వైపు తిరిగాడు.

"ధనరాజూ, అయితే కుక్కని దించి మా బావమరిదినెక్కించు. ఆడికేసీ గొలుసు."

ఈసారి అందరూ నవ్వారు. కూర్మయ్య నవ్వలేదు. పదకొండు చిరుగులూ ఎర్రన్న ఒక్కడే అల్లాలి, తను చెయ్యి కూడా వెయ్యడు, బందు ఎత్తేసే రోజుకి వల తయారుగా ఉండాలి అన్నాడు. బోటు ఎక్కనన్న మాట మాత్రం ఎత్తలేదు. ఎర్రన్నకి ఊపిరి వచ్చింది. ధనరాజు మాత్రం, పెట్రోలు దండగ కాదేటి నాకు అని గొణిగాడు. ఆటో డీజిలుదని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

అంతా తేలాక తేలనిది ఒకటే మిగిలింది, ఇంజిను దిగదు. పిలిస్తే తోకాడిస్తుంది గానీ దిగదు. బుల్లమ్మ గంప చూపించింది, ఎర్రన్న నెత్తళ్ళు చూపించాడు. ఊహూ. నెలన్నాళ్ళకి ఒక కదిలే వస్తువు దొరికింది, దాన్ని వదులుకోవడానికి అది సిద్ధంగా లేదు. ఎర్రన్న కాసేపు చూసి, తాడు భుజాన వేసుకుని, తనూ ఎక్కి బస్తాల మీద దాని పక్కన కూర్చున్నాడు. హైవే దాకా తీసుకుపోయి దింపెయ్యమన్నాడు.

హైవే ఆరు కిలోమీటర్లు. ఆటో నుంచి ఇంజిను మెడ చాచి గాలంతా వాసన చూసుకుంటూ వెళ్ళింది. హైవే దగ్గర తనంతట తనే దిగింది. తిరుగు నడకలో మొదట ఎర్రన్న త్వరత్వరగా లాగాడు. అది ప్రతి జీడిచెట్టు దగ్గరా ఆగింది, ప్రతి పుట్టలోకీ ముక్కు దూర్చింది, ఎండిన కాలవలో ఎండ్రకాయ కన్నం దొరికితే దాని ముందు పావుగంట కాపలా కూర్చుంది. తొందరపడి ఇంటికి పోయి తనేం చెయ్యాలి గనక, అని ఎర్రన్నకి అప్పుడు తోచింది. తాడు వదులు చేసి అది ఆగిన చోటల్లా ఆగాడు. సముద్రం మీద ముప్ఫయ్యేళ్ళు తిరిగినవాడు, సొంత ఊరెనక ఏముందో అంతవరకూ చూడలేదు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఇంజిను కడివెడు నీళ్ళు తాగి, కాలు నాక్కోకుండా పడుకుంది.

ఆ తర్వాత అదే వరస. పొద్దున్న కుక్కతో నడక, రోజుకో దిక్కు. మధ్యాహ్నం పాకలో వల అల్లడం. ఇంజిను పక్కనే పడుకుని దారం కదలడం చూసేది, మూతి పెట్టేది కాదు. ఇంట్లో వలముక్కలన్నీ బుల్లమ్మ పొయ్యిలో పెట్టేసింది. కుక్క వెనకాల తిరిగే మొగాడని ఒడ్డున నాలుగు రోజులు ఎగతాళి చేశారు. చేసి చేసి వాళ్ళే మానేశారు.

అయిదో రోజు పొద్దున్న ఎర్రన్న బయల్దేరేసరికి కూర్మయ్య తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఆదివారం నుంచి బావమరిదితో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదాయన. సరుగుడు తోటల వైపు తనకి చిన్న పనుంది, తోవలో కలిసి వస్తానన్నాడు. ఏం పనని ఎర్రన్న అడగలేదు. ముగ్గురూ తోటల దాకా వెళ్ళారు. కూర్మయ్య ఎవర్నీ కలవలేదు, ఎక్కడా ఆగలేదు, ఇంజిను ఆగిన చోట తప్ప. అది ఉడుత కోసం చెట్టు చుట్టూ తిరిగితే ఆయన కూడా తల పైకెత్తి ఉడుతని వెతికాడు. తిరిగొచ్చాక ఇంటి ముందు కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, వంగి కుక్క చెవి పట్టుకున్నాడు.

"రేపు ఎటెల్దామే?" అని దాన్నే అడిగాడు.