పాత పని పేరు చెప్పకూడదు

ఉద్యోగాలు ఊడిన రెండువందల పన్నెండు మందిని ఏసీ హాల్లో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమన్నాడు టై కట్టుకున్న సారు.

"గట్టిగా కొట్టాలి. మీలో ఉన్న భయం చేతుల్లోంచి బయటికి పోవాలి."

కొట్టారు. ఏం చేస్తారు మరి? మూడు రోజులు క్లాసుకొచ్చి సంతకం పెట్టినవాళ్ళకే అనుభవం సర్టిఫికెట్ అని కంపెనీ నోటీసు అంటించింది. ఆ కాగితం లేకపోతే ఇంకో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి కూడా రానివ్వరు. నీళ్ళ పంపులు చేసే ఆ ఫ్యాక్టరీకి ఒకరోజు పొద్దున్నే తాళమేశారు. షిఫ్టుకొచ్చినవాళ్ళని రోడ్డు మీదే నిలబెట్టి, "నష్టాలొచ్చాయి, మూసేశాం" అని వాచ్‌మన్ చేత చదివించారు. అది జరిగి పది రోజులు. ఇన్నేళ్ళు వీళ్ళ చెమట మీద మేడలు లేపినవాడికి ఎదురుగా వచ్చి ఆ ముక్క చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడేమో బాధని ఎలా తట్టుకోవాలో నేర్పమని మనిషిని పంపాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. మన యజమాని వాడికన్నా ఘనుడు. ఇల్లు తనే తగలబెట్టి, ఎలా ఏడవాలో క్లాసు పెట్టించాడు.

"ఇప్పుడు ఒక్కొక్కరూ లేచి మీ గురించి చెప్పండి" అన్నాడు టై సారు. "ఒకటే షరతు. పాత పని పేరు చెప్పకూడదు. అది అయిపోయింది. 'నేను కొత్త మనిషిని' అని మొదలుపెట్టాలి."

మొదటి వరసలోంచి లేతన్న లేచాడు. అమ్మానాన్న పెట్టిన పేరు ఎప్పుడో మరుగున పడింది. ఇరవై మూడేళ్ళు పధ్నాలుగో నంబరు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కీ చెక్కీ ఆ పేరే మిగిలింది. వెంట్రుకంత తేడా వచ్చినా వేలితో తడిమి చెప్పేసేవాడు, కొలత పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉండేది.

"నేను కొత్త..." అని ఆగిపోయాడు. పాతది తీసేస్తే తన దగ్గర చెప్పుకోడానికి ఏముంది? అలాగే కూర్చుండిపోయాడు.

"పర్లేదు, అలవాటవుతుంది" అన్నాడు టై సారు. "ఇది నష్టం కాదు, అవకాశం. సెక్యూరిటీ గార్డులు కావాలి. పార్సిళ్ళు పంచేవాళ్ళు కావాలి. మనసు మార్చుకుంటే చాలు."

"మనసు మార్చుకుంటే మోకాళ్ళు కూడా మారతాయా సారూ?" అని వెనక నుంచి అడిగాడు ఫర్నేస్ బాబాయ్. ముప్పై ఏళ్ళు కరిగిన ఇనుము మోసిన మనిషి, ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసపడతాడు. పదిమంది నవ్వారు. టై సారు నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

రెండో రోజు తలా ఒక కాగితం ముక్క పంచాడు. "మీ గుండెల మీద ఉన్న పెద్ద బరువేదో రాయండి. పేర్లు వద్దు. మడిచి ఈ డబ్బాలో వేయండి. చివర్లో అన్నీ కలిపి చించేద్దాం. బరువు దిగిపోతుంది."

లేతన్న పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పదకొండు రోజులుగా పొద్దున ఆరున్నరకి ఖాకీ చొక్కా తొడుక్కుని, భార్య కట్టిచ్చిన క్యారేజీ పట్టుకుని బయల్దేరుతున్నాడు. మొన్నటి దాకా బస్టాండులో చివరి బెంచీ. తెలిసిన మొహం కనిపిస్తే పేపరు అడ్డం. పన్నెండున్నరకి, ఫ్యాక్టరీలో సైరన్ మోగే వేళకి, ఆకలున్నా లేకపోయినా చేతులు వాటంతటవే క్యారేజీ మూత తీసేవి. షిఫ్టు వదిలే వేళకి మళ్ళీ ఇల్లు. తప్పు చేసినవాడు ఎవడు, తల దించుకు తిరుగుతున్నవాడు ఎవడు? ఆ మాత్రం అతనికి తెలుసు. తెలిసినా తల లేవడంలేదు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు "నాన్నా, టీ తాగుతావా" అంటే చాలు, లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

'ఇంట్లో ఇంకా చెప్పలేదు' అని రాసి, నాలుగు మడతలు పెట్టి వేశాడు.

టై సారు డబ్బా ఎత్తి, "రండి, చించేద్దాం" అన్నాడు.

ప్యాకింగ్ అక్క లేచింది. పద్దెనిమిదేళ్ళు ప్యాకింగ్ సెక్షన్లో పెట్టెలకి మేకులు కొట్టిన ఆడమనిషి, గొంతు కూడా సుత్తి దెబ్బలాగే ఉంటుంది. "ఆగండి సారూ. చదవకుండా చించడమేంటి?"

"అది వాళ్ళ వాళ్ళ సొంత విషయం అమ్మా."

"పేర్లు లేవుగా" అంటూ డబ్బా చేతిలోంచి లాక్కుని చదవడం మొదలుపెట్టింది.

'ఇంట్లో చెప్పలేదు.' 'అమ్మ తట్టుకోలేదు, అందుకే చెప్పలేదు.' 'పార్కులో కూర్చుంటున్నాను.' 'మా ఆవిడకి తెలీదు.' 'నేనింకా బాగా పనిచేసుంటే మూసేవాళ్ళు కాదేమో.' 'పిల్లలకి తెలీదు.'

ముప్పై కాగితాలు చదివింది. లేతన్న పక్కవాడి మొహం చూశాడు. వాడూ వీడి మొహమే చూస్తున్నాడు.

"నాది కూడా ఇదే" అంది అక్క. "ఓవర్‌టైం అని మా ఆయనకి అబద్ధం చెప్పి రోజూ మా చెల్లెలింటికి పోతున్నా. రెండొందల మందిమి రెండొందల చోట్ల దాక్కున్నాం. గుమ్మడికాయలు ఎత్తుకుపోయినవాడు దర్జాగా కారులో తిరుగుతుంటే మనం తడుముకుంటున్నాం భుజాలు."

"చెప్తే ఏమొస్తుందక్కా?" అన్నాడొక ఫిట్టర్. "ఇంట్లోవాళ్ళని కూడా ఏడిపించడం తప్ప. నాకిద్దరు పిల్లలు. సెక్యూరిటీ ఉద్యోగం ఇస్తే చేసుకుంటా."

"చేసుకో. ఏ పనీ తక్కువది కాదు. నీ పని నువ్వు మార్చుకుంటే ఒక లెక్క, వాడు మెడపట్టి గెంటి 'మారావు చూడు' అంటే ఇంకో లెక్క. మూసిన వారంలోనే లేబర్ కోర్టులో మనం కేసు వేశామని మర్చిపోయారా? వకీలు ఏమన్నాడు? మిషన్లు గేటు లోపల ఉన్నంతవరకే, ఫ్యాక్టరీ తెరవమని కోర్టు అనగలదు. అవి కదిలిపోతే ఉత్త గోడలు తెరుచుకోవాలి. ముందు ఇవాళ ఇంటికెళ్ళి చెప్పండి. ఏడిస్తే ఏడవనీ. దాక్కున్నవాడు ఎవడితోనూ పోట్లాడలేడు."

టై సారు వాచీ చూసుకుని క్లాసు ముగించేశాడు.

సాయంత్రం లేతన్న ఇంటికెళ్ళేసరికి భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చెప్పులు విప్పకుండానే చెప్పేశాడు. "ఫ్యాక్టరీ మూసేశారు."

"తెలుసు" అంది ఆమె, మడత ఆపకుండా.

"ఎవరు చెప్పారు?"

"నీ చొక్కా. పదకొండు రోజులుగా ఉతుకుతున్నా. నూనె మరక లేదు, జేబులో ఇనుప రజను లేదు."

"మరి అడగలేదే?"

"నువ్వే చెప్తావని చూశా." చేతిలో చొక్కా పక్కన పడేసింది. "ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని రోజూ క్యారేజీ కట్టా. నాకు కూడా చెప్పుకోలేనంత పరాయిదాన్నైపోయానా?"

అతను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"మొన్న మా తమ్ముడొచ్చాడు." ఆమె తమ్ముడు ట్రైలర్ లారీ డ్రైవరు. "మీ ఫ్యాక్టరీ మిషన్లు వేరే చోటికి తోలడానికి బండి మాట్లాడారట. మూడు రోజులు, పొద్దున పదింటి నుంచి నాలుగింటి దాకా. నిన్నొక లోడు పోయింది, ఇవాళ ఒకటి. బావకి తెలుసా అని అడిగాడు. తెలుసులే అన్నా. నువ్వు దాస్తుంటే నేనెలా బయటపెట్టను?"

పదింటి నుంచి నాలుగింటి దాకా. లేతన్న ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. సరిగ్గా చప్పట్లు కొట్టించే వేళ. వీళ్ళందరినీ హాల్లో పెట్టి భయం వదిలిస్తుంటే, అక్కడ వెనక నుంచి కూడు ఎత్తుకుపోతున్నారు. సిగ్గుతో తను నోరు మూసుకున్నాడు, మొగుడి పరువని ఆమె నోరు మూసుకుంది. ఆ సందులోంచి రెండు లోడ్లు దాటిపోయాయి. కోపం భగ్గున మండింది. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఆ మంట తన మీద కాదు.

ఫోన్ తీసి ప్యాకింగ్ అక్కకి చేశాడు. "అక్కా, మిషన్లు తోలేస్తున్నారు. రేపు మన క్లాసు ఫ్యాక్టరీ గేటు దగ్గర."

మూడో రోజు టై సారు ఖాళీ కుర్చీలకే గుడ్ మార్నింగ్ చెప్పుకోవాల్సి వచ్చింది.

గేటు ముందు జనం. భార్యలు, భర్తలు, ముసలి తల్లులు, పిల్లలు, చేతుల్లో క్యారేజీలు. పదకొండింటికి గేటు తెరుచుకుని ట్రైలర్ ముక్కు బయటపెట్టింది. దాని మీద గొలుసులతో బిగించి ఉంది పధ్నాలుగో నంబరు. లేతన్న వెళ్ళి ముందు చక్రానికి మూరెడు దూరంలో కూర్చున్నాడు. అతని వెనక ప్యాకింగ్ అక్క, బాబాయ్, నిన్నటి ఫిట్టరు, వాళ్ళ వెనక అందరూ.

"పోనివ్వు, వాళ్ళే లేస్తారు" అని అరిచాడు మేనేజరు.

బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టాడు. మొహం పాలిపోయి ఉంది. "బావా, లే. బండి నాది కాదు. నా ఉద్యోగం కూడా పోతుంది."

"నిన్నేమీ అనడంలేదురా. నీ పని నువ్వు చేస్తున్నావు. ఇవాళ నా పని ఇది."

అతను బావని చూశాడు. జనంలో ఉన్న తన సొంత అక్కని, లేతన్న భార్యని చూశాడు. ఇంజన్ ఆపి, కిందికి దిగి, తాళం అక్క చేతిలో పెట్టాడు. "కాస్త పట్టుకో అక్కా. కాలు తిమ్మిరెక్కింది." ఆమె పిడికిలి బిగించింది.

అరగంటకి పోలీసులొచ్చారు. లేవమన్నారు, ఎవరూ లేవలేదు. లాఠీలు లేచాయి. మొదటి దెబ్బ బాబాయ్ మోకాలి మీదే పడింది. జుట్టు పట్టి, చొక్కాలు పట్టి ఇరవై ఆరుగురిని వ్యానులోకి ఈడ్చారు. లేతన్న చొక్కా భుజం దగ్గర చిరిగింది. కిటికీ జాలీలోంచి చూస్తే, తను లేచిన చోట భార్య కూర్చుని ఉంది. పక్కన కూతురు. వాళ్ళ వెనక ఖాళీలన్నీ నిండుతున్నాయి. పన్నెండున్నర అయినట్టుంది. సైరన్ లేదు, అయినా రోడ్డు పొడుగునా క్యారేజీల మూతలు తెరుచుకుంటున్నాయి. ఈసారి ఎవరూ దేనికీ చాటు చేసుకోవడంలేదు.

వ్యాను తలుపు దగ్గర హెడ్ కానిస్టేబుల్ పుస్తకం తెరిచి ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. లేతన్న వంతు వచ్చింది. పేరు చెప్పాడు.

"ఏం చేస్తావు?"

"లేత్ ఆపరేటర్ని."

హెడ్డు పెన్ను ఆపాడు. "ఫ్యాక్టరీ మూసేశారు కదయ్యా. పని లేదని రాస్తా."

"పధ్నాలుగో నంబరు లేత్ ఆపరేటర్ అని రాయండి సార్. మిషన్ ఇంకా గేటు దాటలేదు."

హెడ్డు ఒకసారి బయట కూర్చున్న జనాన్ని చూశాడు, అలాగే రాశాడు. లోపల నుంచి, మోకాలు పట్టుకుని కూర్చున్న బాబాయ్ గొంతు పెద్దగా వినిపించింది.

"నాది ఫర్నేస్. రాసుకోండి."