జమ్ములో తెల్లగుడ్డ

"దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?" అని డాక్టరు అడిగినప్పుడు సంపూర్ణమ్మ తడుముకోలేదు.

"ఆయనకు దగ్గు లేదండీ," అంది.

డాక్టరు ఆమె ముఖం చూశాడు, వెలుతురుకు ఎత్తిపట్టిన ఎక్స్‌రే చూశాడు, ఆ తర్వాత ఆమె భర్త ఆమోసు వంక చూశాడు. ఆమోసు కాపీ కొడుతూ దొరికిపోయిన పరీక్షార్థిలా తల దించుకున్నాడు. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన సంపూర్ణమ్మ, అలా దించుకున్న తలలు చాలానే చూసింది.

"గడ్డ రెండో ఊపిరితిత్తికి కూడా పాకిందమ్మా. నిరుడే తీసుకొచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం. ఇంతదాకా దగ్గు లేకుండా ఎలా ఉంటుంది?"

భవానీపురంలోని ఇంటికి ఆటో ఎక్కారు. బ్యారేజీ దాటాక ఆమె అడిగింది.

"ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పకూడదని కాదు. నువ్వు ఫోటో తీసేటప్పుడు నీ పురుగులు బెదురుతాయని అణుచుకోవడం మొదలెట్టా. అదే అలవాటైపోయింది."

"ఇంట్లో పురుగులేమున్నాయి?"

"నువ్వుండేదానివిగా, పేపర్లు దిద్దుకుంటూ! ఆ టైములో నువ్వు తూనీగ కంటే బెదురుగొడ్డువి," అని ఆమోసు నవ్వబోయాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. అలవాటు చొప్పున పెదవులు బిగించి, భుజాలు పైకెత్తి, దాన్ని లోపలికే మింగేశాడు. ఆ మింగడాన్ని ఆమె కళ్లారా చూడటం అదే మొదటిసారి.

ప్రతి కార్యానికీ ఒక కారణం ఉంటుందని ఆమె పిల్లలకు బోధించింది. ఒకే కప్పు కింద బతికిన మనిషి దగ్గు తనకు వినబడకుండా ఎటు పోయింది? ఆ రాత్రి నుంచీ ఆమె దాని జాడ వెతకసాగింది. జాడ ఆమెను తిన్నగా కృష్ణ ఒడ్డుకు, జమ్ముగడ్డి పొదల్లోకి తీసుకుపోయింది.

ఆమోసు రైల్వేలో గార్డుగా పనిచేసి తొంభై నాలుగులో రిటైరయ్యాడు. అప్పటికి సంపూర్ణమ్మ పాత కెమెరాకు లెన్సును తిరగేసి బిగించి, పురుగుల ఫోటోలు తీయడం నేర్చుకుంటోంది. అలా తిరగేస్తే గోరంత పురుగు ఫ్రేమునిండా పరుచుకుంటుంది. కానీ ఊపిరి పీల్చినంత కదలికకే బొమ్మ మసకబారి చెదిరిపోతుంది. స్టాండు వేస్తే జమ్ము కదిలిపోతుంది. అందుకని ఆమె మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఒళ్లంతా వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊపుకుంటూ, సగం ఊపిరి బిగబట్టి మీట నొక్కేది. పురుగును పట్టి తెచ్చి సీసాలో పెట్టి తీయడం ఆమెకు గిట్టదు. అది దాని ఇంట్లో, దాని ఆకు మీద ఉండాలి. ఫ్లాష్ వేస్తే బొమ్మ శవంలా వస్తుందని అదీ మానేసింది. పురుగు పొట్ట కిందికి వెలుగు పోవాలంటే ఎవరో ఒకరు తెల్లగుడ్డ పట్టుకుని, పొద్దుటెండను కింది నుంచి పైకి తిప్పాలి.

"పచ్చజెండా పట్టిన చెయ్యి టీచరమ్మా, వణకదు," అని ఆమోసు పంచె చించిన ముక్క పట్టుకుని వెంట వచ్చాడు. నిజంగానే వణకలేదు. కాలేజీ ప్రదర్శనలో ఆ స్లైడులు వేసినప్పుడు, ఆ వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందని అందరూ ఆమెనే అడిగారు.

ఒక మార్గశిరం పొద్దున, వారాల తరబడి వెతుకుతున్న ఎర్ర తూనీగ జమ్ము కొసన దొరికింది. ఎండ తగిలి దాని రెక్కలు అప్పుడే ఆరాయి. ఆమె ఊపిరి బిగబట్టింది. ఆమోసు దగ్గాడు. కొస ఖాళీ అయింది.

"ఒక్క క్షణం ఆపుకోలేరా? రైలుకు జెండా ఊపేటప్పుడు కూడా ఇలాగే దగ్గేవారా?"

"రైలు బెదిరి ఎగిరిపోదుగా!"

ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి బయల్దేరే ముందు ఆయన చేతిలో లవంగం పెట్టేది. ఆయన అది బుగ్గన పెట్టుకునేవాడు. కొన్నాళ్లకు లవంగాలు తానే జేబులో వేసుకోసాగాడు. అప్పుడప్పుడు గుడ్డ పక్కన పెట్టి, "నీళ్లు చూసొస్తా" అని గట్టు దాటి వెళ్లేవాడు. ఏమిటీ నిలకడలేనితనం అని ఆమె విసుక్కునేది. ఆ తర్వాతి ఎండాకాలం గాలి బాగుంటుందని మంచం వరండాలోకి మార్చుకున్నాడు. చలికాలం వచ్చినా మంచం లోపలికి రాలేదు. ఇవన్నీ ఆమె చూసింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి మాత్రం చూడలేదు. కెమెరా వెనక ఆమె కంటికి ఆనింది జానెడు లోకం. ఆ జానెడుకు ఆవలే, మూరెడు దూరంలో, గుడ్డ కదలకుండా పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, మనిషి ఉక్కిరిబిక్కిరయ్యాడు.

ఆయన మంచాన పడ్డాక ఆమె రోజూ బతిమాలేది. "దగ్గండి. గట్టిగా దగ్గండి. ఇక్కడ ఏ పురుగూ లేదు."

"రావట్లేదే. రైలు వెళ్లిపోయింది," అనేవాడు.

ఈస్టరు వెళ్లిన రెండో వారంలో ఆమోసు పోయాడు. పాస్టరు గారు సమాధి దగ్గర, బాధను మౌనంగా భరించిన మనిషి అని మెచ్చుకున్నారు. ఆ మాట విని అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. సంపూర్ణమ్మ ఒక్కతే తల ఎత్తలేదు.

మళ్లీ మార్గశిరం వచ్చాక ఆమె కెమెరా తీసింది. గుడ్డను రెండు కర్రలకు క్లిప్పులతో బిగించి జమ్ములో పాతింది. ఎర్ర తూనీగ కొసన వాలి ఉంది. రెక్కలు వణికించి ఒళ్లు కాచుకోవడం కూడా అయిపోయింది. ఏ క్షణమైనా లేవగలదు. మోచేతులు మోకాళ్లకు ఆనించి ఆమె ఊపిరి బిగబట్టింది.

ఏటి మంచు గొంతులో పడింది. ఆపుకోబోయింది గానీ ఆగలేదు. మోచేతులు మోకాళ్లకు ఆనించే ఉంచి, కదలకుండా గట్టిగా దగ్గింది. మెల్లగా కళ్లు తుడుచుకుని, ఖాళీ కొసను చూడబోతున్నాననుకుంటూ చూసింది.

తూనీగ అక్కడే ఉంది.

ఆమె కెమెరాను మెల్లగా ఒళ్లోకి దించి, ఈసారి కావాలనే దగ్గింది. అది అలాగే ఎండ కాచుకుంటోంది. అప్పుడు, ఏటేటా బోర్డు మీద తానే రాసి, పిల్లల చేత వల్లె వేయించిన మాట ఆమెకు గుర్తొచ్చింది. తూనీగకు చెవులు లేవు. దానికి ఉన్నదంతా కన్నే. కదిలేదే దానికి భయం. ఆ రోజు అది దగ్గుకు ఎగరలేదు. దగ్గినప్పుడు ఆయన చేతిలో ఎగిరిపడిన తెల్లగుడ్డను చూసి ఎగిరింది. ఇది ఆ నది ఒడ్డున ఎవరికైనా తెలిసి ఉండాలంటే, ఆమెకే తెలిసి ఉండాలి.

"గుడ్డ కింద పెట్టి దగ్గండి," అంది సంపూర్ణమ్మ, పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు తిరిగి, పైకే.

తూనీగ కదల్లేదు.