పదో తేదీ ముండమోపి

మొగుడు కళ్ళెదుట నిక్షేపంలా తిరుగుతుండగా నెలకొకసారి ముండమోసే ఆడదాన్ని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఉదయగిరి కొండ కింద, ఆరిళ్ళ గొల్లపల్లెలో రోశమ్మ మూడేళ్ళపాటు ఆ పని చేసింది. ప్రతి నెలా పదో తేదీ పొద్దున్నే అత్త ఆదిశేషమ్మ కుంకుడు నురుగు గిన్నె పట్టుకుని వచ్చేది. గాజులు పగలగొడితే మళ్ళీ కొనాలి కదా! అందుకని చేతులకు నురుగు రాసి ఒక్కొక్కటే ఊడలాగేది. తాళి తీసి రాగుల కుండలో దాచేది. నుదుటి బొట్టు తడిగుడ్డతో తుడిచేది. ఆపైన చచ్చిపోయిన తోడికోడలి చీర కట్టుకుని రోశమ్మ వాకిట్లో కూర్చోవాలి. పోస్టుమాన్ "వెంగమ్మా!" అని పిలిస్తే "ఆఁ" అని పలకాలి.

ఎందుకంటారా? పన్నెండు రూపాయల కోసం.

ఆదిశేషమ్మకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు చెంగయ్య, అంటే రోశమ్మ మొగుడు, గొర్రెలు కాసేవాడు. పెద్దవాడు గోపాలయ్య యుద్ధం రోజుల్లో నెల్లూరు పోయి పట్టాళంలో చేరాడు. బర్మాలో చచ్చిపోయాడు. మనిషి రాలేదు, కాగితం వచ్చింది. వాళ్ళ కులంలో మొగుడు పోయినదానికి మారుమనువు తప్పు కాదు. తినే నోరు ఒకటి తగ్గుతుందని, కాగితం వచ్చిన వారానికే ఆదిశేషమ్మ పెద్దకోడలు వెంగమ్మతో, "నీకింకా ఇరవై దాటలేదు, ఎవుర్నో ఒకర్ని చూసుకోమ్మే" అన్నది. తర్వాత వెంగమ్మ పేరున నెలకు పన్నెండు రూపాయల పింఛను మనియార్డరుగా రావడం మొదలైంది. వెంగమ్మ మారుమనువు చేసుకుంటే డబ్బు ఆగిపోతుందని మునసబు నారాయణయ్య చెప్పాడు. అంతే! ఆదిశేషమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు. వెంగమ్మ మాత్రం నోరు తెరిచి ఏం అడుగుతుంది?

గొర్రెలు అమ్మినప్పుడు తప్ప రూపాయి మొహం ఎరగని ఇల్లు అది. అలాంటిది నెల తిరిగేసరికి వద్దన్నా పన్నెండు రూపాయలు! తడిక పోయి తలుపు వచ్చింది. లాంతరు వచ్చింది, సబ్బు వచ్చింది. చెంగయ్యకు చొక్కా వచ్చింది, చొక్కాతోపాటు కాస్త ఒళ్ళు బరువూ వచ్చింది. ఎండలో గొర్రెల వెంట తిరగడం మానేసి వింజమూరులో కోమటి కొట్టు బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పడం మరిగాడు. సగం మందను అమ్మేశాడు. తర్వాత వానలు ఎగ్గొట్టాయి. ఒక ఏడు కాదు, రెండో ఏడూ అంతే. మిగతా గొర్రెలు మేత లేక ఒక్కొక్కటే నోరు తెరిచాయి. పల్లెలో మిగతా ఇళ్ళు ఈతగడ్డలు తవ్వుకు తింటుంటే, ఆదిశేషమ్మ ఇంట్లో మాత్రం పొయ్యి మీద సంగటి ఉడికేది. ఆ సంగటి మొత్తం మనియార్డరే.

సరిగ్గా అప్పుడు వెంగమ్మ చచ్చిపోయింది. ఎండాకాలంలో వాంతులూ భేదులూ పట్టుకుని రెండే రెండు రోజుల్లో పోయింది. అది ఏడో తేదీ. ఆదిశేషమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది, అబద్ధమెందుకు, నిజంగానే ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని చిన్నకోడలి వంక చూసింది. పాత పోస్టుమాన్ పోయినెలలో దిగిపోయాడు. కలిగిరి నుంచి రామనారాయణ అనే కొత్తాయన వచ్చాడు. ఆయన వెంగమ్మ మొహం ఎరగడు.

"ఈ నెల ఒక్కటే కూర్చోమ్మే" అన్నది ఆదిశేషమ్మ. "దాని దినాల ఖర్చన్నా గడవాల గదా."

ఆ ఒక్క నెల మూడేళ్ళయింది. పల్లెలో అందరూ అన్నదమ్ముల బిడ్డలే. కరువులో ఆదిశేషమ్మ పెట్టే గిద్దెడు రాగుల కోసం అందరూ నోరు కుట్టుకున్నారు. సాక్షి సంతకం పెట్టే మునసబుకు రెండు రూపాయలు ముట్టేవి, ఆయనకూ కళ్ళు కనిపించడం మానేశాయి.

మొదటిసారి తాళి తీసిన సాయంత్రం చెంగయ్య తుమ్మినా రోశమ్మ ఉలిక్కిపడింది. మొగుడు బతికుండగా పుస్తె తీసింది, ఇక వాడు ఉంటాడా అని. చెంగయ్యకేం, గుండ్రాయిలా ఉన్నాడు. పోస్టుమాన్ ముందు "మా వదినే సార్" అని నవ్వుతూ చెప్పేవాడు కూడా. ఆ మాట వినీ వినీ రోశమ్మకు ఒక్కోసారి అనుమానం వచ్చేది, చచ్చింది వెంగమ్మా, తానా అని.

అన్నిటికీ అలవాటు పడింది కానీ ఒక్కదానికి పడలేదు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా కడుపు పండలేదు. నెలనెలా బొట్టు చెరుపుకునేదానికి ఏ దేవుడు బిడ్డనిస్తాడు, ఏ లెక్కన ఇస్తాడు అని కుమిలిపోయేది. చివరికి ఒక బేస్తవారం అనుమసముద్రంపేట దాకా నడిచిపోయి, దర్గాలో మొక్కుకుని వచ్చింది. కొడుకు పుడితే మస్తాన్ అని పేరు పెట్టుకుంటానని, తల నీలాలు అక్కడే తీయిస్తానని.

నాలుగు నెలలు తిరక్కుండానే నిలిచింది! రోశమ్మ సంబరం చెప్పడానికి మాటలు చాలవు. నీళ్ళు మోస్తూ నవ్వుకునేది, పిడకలు కొడుతూ నవ్వుకునేది. చింతకాయ తొక్కు కనిపిస్తే దొంగతనంగా నాకేది. చెంగయ్య కూడా మురిశాడు. గంప కింద కోడిని కోసి పెట్టాడు. ఆదిశేషమ్మ మాత్రం పదో తేదీలు వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది.

మూడో నెల గడిచింది, నాలుగో నెల గడిచింది. రోశమ్మ సన్నపాటి మనిషి, ఐదో నెలకు కడుపు తెలిసిపోయింది. ఎన్ని కుచ్చిళ్ళు పోసినా ఆగలేదు. ఆ పదో తేదీన రామనారాయణ వేలిముద్ర వేయించుకుంటూ ఎగాదిగా చూశాడు.

"ఏం వెంగమ్మా, ఒళ్ళు చేసినట్టుండావే?"

అడిగింది మామూలుగానే. కానీ ఆదిశేషమ్మకు అది మామూలుగా వినిపించలేదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"వచ్చే నెలకు నీది కుండంత ఉంటాది. మొగుడు పోయినదానికి కడుపేందని అడుగుతాడు. మారుమనువు చేసుకుండాదని రాస్తే పింఛను పోతాది. ఎవుడని ఎంక్వయిరీ చేస్తే అసలుదే చచ్చిందని బయటపడతాది. ముగ్గురం జైల్లో కూకోవాల."

"పోతే పోనీ అత్తా" అన్నది రోశమ్మ. "వెంగమ్మక్క ఇప్పుడే చచ్చిపోయిందని చెప్తాం. కూలికి పోతా. బిడ్డను వీపున కట్టుకోనన్నా పోతా."

"కూలి ఏడుండాదే? ఊరూరా ఎండిపోయి ఉంటే నీకెవుడిస్తాడు కూలి? శవమేదని మునసబును అడగరా? నీ బిడ్డకి రేపు ఏం పోస్తావు, కొండరాళ్ళు పోస్తావా?"

"మా అమ్మగారింటికి పోయి కని వస్తా."

"మనిషి లేకపోతే మనియార్డరు వెనక్కి పోతాది. అది పోయినాక ఆఫీసరు వస్తాడు."

రోశమ్మ మొగుడి వంక చూసింది. ఒక్క మాట అంటాడని. కోడిని కోసి పెట్టిన చెయ్యి కదా అది! చెంగయ్య గోడకు చేరగిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. "అమ్మ చెప్పేది కూడా ఆలోచించాల గదమ్మే. మళ్ళా పుడతారులే" అన్నాడు. ఛీ, వాడి నోట్లో మన్ను పడ!

మర్నాడు మధ్యాహ్నం ఆదిశేషమ్మ పక్క పల్లె నుంచి మందులిచ్చే కామమ్మను పిలుచుకొచ్చింది. రోశమ్మ పారిపోబోయింది. వాకిలి దాటలేదు. కాళ్ళు పట్టుకున్నది అత్త, చేతులు పట్టుకున్నది చెంగయ్య. చేతులు పట్టుకున్నవాడి మొహంలోకే చూస్తూ ఉంది రోశమ్మ, అరుపు ఆగిపోయేదాకా. వాడు మాత్రం ఇంటికప్పు చూశాడు.

మగపిల్లవాడు. ఆ సంగతి కామమ్మే చెప్పింది, చెప్పకుండా ఉంటే బాగుండేది. వెళ్ళేటప్పుడు చెయ్యి కడుక్కుంటూ, "బాగా చెడింది. ఇంక దీనికి నిలవదు" అని కూడా చెప్పింది. ఆదిశేషమ్మ ఆమెకు మూడు రూపాయలిచ్చి, రాగులు కూడా పోసి పంపింది. చెంగయ్య ఖాళీ గొర్రెలదొడ్డిలో ఒక మూల గుంట తవ్వాడు. రోశమ్మ నెల్లాళ్ళు చాప మీంచి లేవలేదు. మళ్ళీ పదో తేదీకి మాత్రం లేచి కూర్చుంది, లేపి కూర్చోబెట్టారు. "చిక్కిపోయినావే వెంగమ్మా!" అని రామనారాయణ జాలిపడ్డాడు. డబ్బు ఆగలేదు. ఇంట్లో సంగటి ఉడికింది.

ఆ సంగటి రోశమ్మ కూడా తిన్నది. తినక ఏం చేస్తుంది?

ఆరు నెలల తర్వాత కబురొచ్చింది. యుద్ధంలో పోయిన సిపాయిల పెళ్ళాలందరూ ఆత్మకూరు కచేరీకి రావాలి, నెల్లూరు నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడు అని. ఆదిశేషమ్మ ఎన్నడూ ఎరగని దేవుళ్ళకు కూడా మొక్కింది. రోశమ్మకు బొట్టు తుడిచి, గాజులు తీసి, "మారుమనువు చేసుకున్నావా అంటే లేదని చెప్పు. ఇంకేం వాగబాక" అని దారి పొడుగునా నూరిపోసింది. చెంగయ్య కూడా వెంట వచ్చాడు, మరిదిలాగా.

ఆఫీసరు జనార్దనయ్య నెరిసిన మీసాల పెద్దాయన, తానూ పట్టాళంలో చేసి వచ్చినవాడు. రోశమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళింది. వేలిముద్రలు పోల్చి చూస్తారేమోనని ఆమె చెయ్యి కొంగు చాటున పెట్టుకుంది. ఆయన అలాంటిదేం చేయలేదు. మునసబు కాగితం చదివి, తల ఎత్తి చూశాడు.

"మారుమనువు చేసుకున్నావా అమ్మా?"

"లేదయ్యా."

"చిన్నదానివి. పిల్లలు లేరు. ఇట్లా ఎన్నాళ్ళుంటావు? గోపాలయ్యకు తమ్ముడెవరైనా ఉన్నాడా?"

"ఉండాడయ్యా. బయట కూర్చోనుండాడు."

"అతన్ని చేసుకోరాదూ? పరాయివాణ్ణి చేసుకుంటే పింఛను ఆగుతుంది గానీ, మొగుడి తమ్ముణ్ణి చేసుకుంటే ఆగదు."

రోశమ్మకు వెంటనే అర్థం కాలేదు. "మాలో వదిన్ని చేసుకుంటే వెలేస్తారయ్యా. ఆ మాట అనడానికే నోరు రాదు."

"వెలి సంగతి మీరూ మీరూ చూసుకోండి. ఉత్తరాదిన ఆ ఆచారముంది, దొరలు దాన్ని చూసి రూలు రాశారు. మన జిల్లావాళ్ళెవరూ నోరు తెరిచి అడగరు. కాగితానికైతే అడ్డం లేదు."

"పిల్లలు పుడితే?"

"పుడితే ఏమైంది? ఎంతమంది పుట్టినా డబ్బు ఆగదు. సంతోషంగా కనమ్మా."

ఎవరూ అడగలేదు. మునసబును అడగలేదు, పోస్టుమాన్‌ను అడగలేదు, ఏ ఆఫీసరునూ అడగలేదు. అన్న పెళ్ళాం తల్లిలాంటిదని పుట్టిన దగ్గర్నుంచి నేర్చుకున్నవాళ్ళు, అలాంటి ప్రశ్న ఒకటుంటుందని ఎలా అనుకుంటారు? "వెంగమ్మ మరిదిని చేసుకుంది" అని ఒక్క ముక్క రాయించి ఉంటే చాలు. చెంగయ్య కొడుకు చెంగయ్య కొడుకుగానే పుట్టేవాడు. రోశమ్మ ఆయన చూపించిన చోట వేలు పెట్టింది. ఎలా పెట్టిందో ఆమెకే తెలియదు.

బయట చెట్టు కింద అత్తా మొగుడూ వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. రోశమ్మ నిలబడే చెప్పింది, ఆయన అన్నది అన్నట్టుగా, ఒక్క మాట వదలకుండా. ఆదిశేషమ్మ నోరు తెరుచుకుని విన్నది. తర్వాత ఆమె మొహం వెలిగిపోయింది.

"ఓసి నా తల్లీ! అయితే రాయిస్తే సరిపోయేదేనా? ఇంక నెల నెలా ఈ కుంకుళ్ళు కొట్టే పీడ వదిలింది! వెలేసేదానికి పల్లెలో ఎవురుండారు, అందరికీ తెలిసిందే గదా!"

"ముందే తెలిసుంటే బాగుండు" అన్నాడు చెంగయ్య. అని, లేచి హోటలుకు పోయి పకోడీల పొట్లం కట్టించుకొచ్చాడు.

రోశమ్మ చూసింది. బస్సెక్కేదాకా చూసింది, బస్సు దిగి పల్లె చేరేదాకా చూసింది. వీళ్ళిద్దరిలో ఎవరో ఒకరు గొర్రెలదొడ్డి మూలనున్న గుంట మాట ఎత్తుతారని. ఒక్క మాట, పోనీ ఒక్క నిట్టూర్పు. వాళ్ళు పకోడీలలో ఉప్పెక్కువైందని మాట్లాడుకున్నారు.

మునసబు కాగితం రాసిచ్చాడు, అది నెల్లూరు పోయింది, సరేనని జవాబు వచ్చింది. తర్వాతి పదో తేదీ పొద్దున ఆదిశేషమ్మ వింజమూరు నుంచి తెప్పించిన కొత్త గాజులు తానే కోడలి చేతులకు ఎక్కించింది. పచ్చవి, చేతికి డజను. నుదుటిన రూపాయంత బొట్టు పెట్టి, "పో, మహాలక్ష్మిలాగా కూకో. పోస్టుమాన్ కూడా చూస్తాడు" అన్నది.

రోశమ్మ లోపలికి వెళ్ళింది. కుంకుడు నురుగు లేదు, వట్టి చేతులతోనే లాగింది. కొన్ని ఊడాయి, కొన్ని పగిలి మణికట్టు కోసుకుపోయింది. బొట్టు తుడిచింది. వెంగమ్మ చీర కట్టుకుంది. మెడలో తాళి తీసి, రాగుల కుండలో వేయలేదు, తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"ఏందే ఇది! ఇంక అక్కర్లేదని చెప్పినా గదా! మొగుడు బతికుండంగా ఏంది నీ అపశకునం?"

"ఎవురు బతికుండేది?" అన్నది రోశమ్మ. చెంగయ్య అక్కడే, తలుపు దగ్గరే ఉన్నాడు. ఆమె అతని వంక చూడలేదు. "నీకు ఇద్దరు కొడుకులూ పోయినారత్తా. పెద్దోడు బర్మాలో పోయినాడు. చిన్నోడు నా చేతులు పట్టుకున్న దినం పోయినాడు. ఇన్నాళ్ళూ నువ్వు తీస్తే తీసినాను. ఈ పొద్దు నా అంతట నేనే తీసినా."

ఆదిశేషమ్మ చెయ్యెత్తింది. వాకిట్లో సైకిలు గంట వినబడి ఆ చెయ్యి దించుకుంది. రామనారాయణ దిగి, బోసి నుదురు చూసి ఆశ్చర్యపోయాడు.

"అదేంది వెంగమ్మా, మరిదిని చేసుకున్నావని కాగితం వచ్చిందే? ఇంకా ఇట్టా ఉండావేంది?"

"నేనింతే సామీ" అన్నది రోశమ్మ, నెత్తురు అంటిన చెయ్యి ముందుకు చాపి. "వేలెక్కడ పెట్టాలో చూపించు."

ఆయన చూపించాడు. ఆమె వేలు పెట్టింది. పన్నెండు రూపాయలు తీసుకుని గడప మీద పెట్టి, లేచి, గొర్రెలదొడ్డి వైపు వెళ్ళిపోయింది.