బొట్టు పెట్టిన యాంప్

హిందీ మాట్లాడే తార్‌బహార్ పేటలో త్రినాథరావు సౌండ్ రిపేరు షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఏ యంత్రం ఎందుకు చెడిందో విప్పకుండానే చెబుతాడని రైల్వే క్వార్టర్లలో అతనికి పేరు. ఆ పేరే అతని పెట్టుబడి. ఆ పొద్దున దాన్ని ఫోన్లో కాస్త తేలిగ్గా వాడేశాడు.

మొన్న రిపేరు చేసిచ్చిన గిటార్ యాంప్ మూగబోయిందని లోకో పైలట్ తిరుమలరావు ఫోన్ చేస్తే, స్పీకరును నడిపే అవుట్‌పుట్ భాగం కాలిపోయి ఉంటుందని, సౌండు మరీ పెంచి వాయిస్తే అలాగే అవుతుందని అనేశాడు. మధ్యాహ్నం మూడింటికల్లా ఆ మాట తీర్పై షాపు మెట్లెక్కింది. తిరుమలరావు చేతిలో యాంప్, అతని వెనక గిటార్ భుజాన వేసుకున్న కూతురు ప్రత్యూష. ఐదింటికి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాండుకు ఎంపిక. ఎవరి యాంప్ వాళ్లే తెచ్చుకోవాలి.

"కాలిపోనాదని నీ నోటితో ఓపాలి చెప్పు, త్రినాథా. ఈ గిటార్ ఇక్కడే ఒదిలేసి పోతాను. దొరికినోళ్లకి అమ్మీ," అన్నాడు తిరుమలరావు.

"నేను పెంచలేదు అంకుల్. నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి సో రహే థే. నిద్ర చెడకూడదని ఈ రెండ్రోజులూ హెడ్‌ఫోన్స్ పెట్టే వాయించా. ఈ పొద్దున అవి తీసి మీటితే ఆవాజ్ హీ నహీ."

"అబద్ధాలు కూడా మరిగింది," అన్నాడు తండ్రి.

త్రినాథరావు యాంప్ తీగను సీరీస్ బల్బు బోర్డుకు తగిలించాడు. లోపల ఏదైనా కాలి షార్టయితే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోవాలి. అది ఒకసారి వెలిగి మందగించింది. అంటే అవుట్‌పుట్ కాలలేదు.

"ఏటి?" అన్నాడు తిరుమలరావు.

ఇంకా చూడాలన్నాడు. వెనక పలక విప్పి, స్పీకరు తీగలకు చిన్న బ్యాటరీ తాకించాడు. స్పీకరు చిటుక్కుమంది. అదీ బతికే ఉంది. గిటార్ కలిపి ప్రత్యూషను మీటమన్నాడు. చప్పుడు లేదు. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది.

చివరికి హెడ్‌ఫోన్స్ గుచ్చి చెవులకు పెట్టుకున్నాడు. తీగల మోత స్పష్టంగా వినిపించింది. పీకేస్తే మళ్లీ నిశ్శబ్దం. హెడ్‌ఫోన్స్ గుచ్చినప్పుడు ఆ రంధ్రంలోని సన్నటి రేకు పక్కకు జరిగి స్పీకరును ఆపుతుంది. తీయగానే తిరిగి అంటుకోవాలి. అంటుకోవడం లేదంటే మధ్యలో ఏదో అడ్డుంది. టార్చి వేసి చూశాడు.

లోపల ఎర్రగా ఉంది.

మొన్న, పనిముట్లను కొలిచే విశ్వకర్మ పూజ నాడు, షాపులో ఉన్న ప్రతి యంత్రానికీ తడి కుంకుమతో తనే బొట్టు పెట్టాడు. యాంప్ ముందు గుడ్డ మీద బొట్టు నిలవదు. అందుకని నున్నగా, గుండ్రంగా ఉన్న ఆ రంధ్రపు అంచు మీదే పెట్టాడు. పూజకు ముందు వాయించి చూశాడు, తరవాత చూడలేదు. ఆ సాయంత్రమే ఇచ్చేశాడు. పిల్ల హెడ్‌ఫోన్స్ గుచ్చినప్పుడల్లా కుంకుమ ఇంకా లోపలికి పోయింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

లెక్క వేసుకున్నాడు. అవుట్‌పుట్ మార్చానంటే తిరుమలరావు నమ్ముతాడు. షాపు పేరు నిలుస్తుంది, గిటార్ పోతుంది. నిజం చెబితే సాయంత్రానికల్లా క్వార్టర్లన్నీ నవ్వుతాయి. ఇరవై రెండేళ్ల పేరు ఒక వైపు, ఒక పిల్ల మాట ఒక వైపు. కానీ అబద్ధం మీద నిలబెట్టిన సరుకును ఎప్పుడు ఎవరు తిరిగి తెస్తారో అని రోజూ గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి. ఆ బేరం అతనికి గిట్టలేదు.

రంధ్రంలోకి క్లీనింగ్ స్ప్రే కొట్టి, సన్నటి అట్టముక్కతో రేకును తుడిచి, ఎర్రబడిన అట్టముక్కను తిరుమలరావు ముందు పెట్టాడు.

"పిల్ల ఏటీ చెయ్యలేదన్నా. పూజ నాడు నేను పెట్టిన బొట్టు ఇది. పొద్దున ఫోన్లో చూడకుండా వాగినాను."

తిరుమలరావు ఆ అట్టముక్కను తిప్పి తిప్పి చూశాడు. కూతురి వైపు చూడలేకపోయాడు. ప్రత్యూష తీగ మీటింది. షాపులో అద్దాలు గణగణలాడాయి.

"తగ్గించనా నాన్నా?" అంది.

"ఒద్దు. అలాగే ఉంచు," అని యాంప్ భుజానికెత్తుకుని, ఆటో పిలవడానికి ముందు నడిచాడు.

వాళ్లు వెళ్లాక త్రినాథరావు వెనక్కి తిరిగాడు. అలమారలో ఇంకా పదకొండు యంత్రాలున్నాయి, ఒక్కో రంధ్రం మీద ఒక్కో బొట్టు. మొదటిదాన్ని బల్ల మీదికి దించి, కొత్త అట్టముక్క కత్తిరించుకున్నాడు.