బెల్టు చివరి రంధ్రం

క్రేను డ్రైవరు చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాడు. నర్సు ఛాతీకి తీగలు అంటిస్తోంది. డాక్టరమ్మ ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెడితేనే రేపు ఎనభై అడుగుల ఎత్తులోని క్రేను అద్దాల గదిలోకి ఎక్కనిస్తారు. లేకపోతే గేటు దగ్గర కాపలా కుర్చీయే గతి. పదహారేళ్ల పనితనం గాల్లో కలిసిపోతుంది.

నెల రోజులుగా రొమ్ములో నిప్పులు పోసినట్టు మంట. గుండెజబ్బేనని అతని భయం. నోరు విప్పితే పని పోతుందని గుట్టుగా నొప్పి మాత్రలు మింగుతూ వచ్చాడు.

"ఛాతీలో నొప్పి గానీ మంట గానీ ఉందా?" డాక్టరమ్మ అడిగింది.

"అబ్బే, గుండ్రాయిలా ఉన్నానండీ."

"గుండ్రాయి మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతుందా?" తలుపు దగ్గర నుంచి భార్య అందుకుంది.

"నువ్వు బయటుండవే!"

"ఉండను. మీ జేబులో నొప్పి మాత్రల అట్ట దొరికినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పైన మీకేమన్నా అయితే ఆ క్రేను ఎత్తిన బరువు కింద ఎవరుంటారు? మా తమ్ముడు కాదూ?"

యంత్రం కాగితాన్ని బయటికి తోసింది. డాక్టరమ్మ పైనుంచి కిందిదాకా చదువుతున్నంతసేపూ అతను ఆవిడ ముఖమే చూశాడు.

"గుండె గీతలు బాగున్నాయి. మంట ఎప్పుడొస్తుంది? దాచకండి."

"మధ్యాహ్నం తిన్నాకండీ. దిగి ఎక్కడానికే అరగంట పోతుందని పైనే ఐదు నిమిషాల్లో మింగేసి, సీటు వాల్చి కాసేపు పడుకుంటాను. లేచి ముందుకు వంగి కిందికి చూస్తుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి తన్నుకొస్తాయి."

ఆవిడ చూపు కుర్చీకి వేలాడుతున్న వెడల్పాటి నడుము బెల్టు మీద పడింది. దాని చివరి రంధ్రం సాగిపోయి ఉంది.

"ఇది బిగించుకునే తింటారా?"

"నడుం నొప్పికండీ. విప్పితే మళ్లీ బిగించుకోవడం ఓ తంటా."

"కడుపులోని ఆమ్లం పైకి రాకుండా అన్నవాహిక చివర ఒక కండరం మూసుకుని ఉంటుంది. గబగబా నింపేసి, పొట్టను ఇలా నొక్కేసి, వెంటనే వాలిపోతే పాపం అదేం ఆపుతుంది? పైగా ఆ మాత్రలు కడుపును ఇంకా రేపుతాయి." ఆవిడ కలం అందుకుంది. "పని మీద ఉండగా ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా?"

లేదంటే చాలు, సంతకం పడిపోతుంది. అతను భార్య వైపు చూశాడు.

"ఒకసారండీ. మంటకి మెలికలు తిరిగి చెయ్యి జారింది. ఇనుప దూలం ఊగింది." గొంతు తగ్గింది. "కింద మా బావమరిది ఉన్నాడు."

భార్య చెయ్యి తలుపును గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ కలం మూసింది.

"మూడు వారాలు కిందే ఉండండి. మందు వాడండి. మిగతా పరీక్షలయ్యాక మళ్లీ చూద్దాం."

బయటికొచ్చాక అలవాటుగా బెల్టు నడుముకి చుట్టబోయి, ఆగి, భార్య చేతిలో పెట్టాడు.

"రేపటి నుంచి గేటు దగ్గర కుర్చీనే."

"కూర్చోండి," అంది, అతని ముఖంలోకి చూడకుండా. "ఆ దూలం సంగతి మా తమ్ముడికి మీరే చెప్పండి. నేను చెప్పను."