కోపం పీరియడ్

“కోపం తగ్గించుకోడం కూడా బళ్ళో నేర్పుతారేటే? మీకు మరే పనీ లేదు,” అన్నారు మా ఆయన ఆ ఉదయం, నేను ఆయన టిఫిన్ డబ్బా మూత నొక్కుతుంటే. నవ్వుతూనే అన్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో పట్టాలు చేసే రైలు మిల్లులో ఫోర్‌మన్ గురునాథరావు గారంటే ఈ హిందీ ఊళ్ళో మా క్వార్టర్లుండే సెక్టర్ 2లో అందరికీ నెమ్మదస్తుడే.

మూడో తరగతికి శనివారం చివరి పీరియడ్ నాది. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్‌ని బతిమాలి పెట్టించుకున్నాను. కోపం వస్తే పిడికిలి బిగించి వదలాలి, ఏం కావాలో నోటితో అడగాలి, ఎదుటివాళ్ళు చెప్పేది వినాలి. అందరిలోకీ నా కొడుకు విక్రమే నయం. అరవడు, ఏడవడు, తోయడు. మేడమ్ వాణ్ణి మిగతా క్లాసులకి చూపించి తల్లి పోలిక అనేవారు. నేను సిగ్గులేకుండా పొంగిపోయేదాన్ని.

ఆ శనివారం కృష్ణప్రియ వాడు గీస్తున్న బొమ్మ మీద నీళ్ళు ఒలకబోసింది. మా పైక్వార్టర్లో ఉండే రజనీకుమారి కూతురు. విక్రమ్ పెన్సిలు కింద పెట్టి, లేచి వెళ్ళి కిటికీ మూసి గడియ పెట్టాడు. ఏప్రిల్ నెల, వడగాలి కొడుతోందేమో అనుకున్నాను. రెండోదీ మూశాడు. “చూశారా, విక్రమ్ కోపం ఎలా దించుకుంటున్నాడో,” అన్నాను పిల్లలతో.

మూడోది కూడా మూసి వాడు తలుపు వైపు నడిచేసరికి నా చెయ్యి దానంతటది చెంప మీదికి వెళ్ళింది. మా ఇంట్లో ఇదే వరస. ముందు వీధి కిటికీ, తరవాత వంటింటిది, ఆఖర్న తలుపు. “పరువున్నోడు గాబట్టి మూసి కొడతాడే. మీ మావయ్యయితే నన్ను వీధిలోకి లాగీవోరు,” అని మా అత్తగారు వరలక్ష్మమ్మ నాకు ధైర్యం చెప్పేది. పిల్లాడు పక్కగదిలో నిద్రపోతున్నాడని నేను నమ్మేదాన్ని. నమ్మడం తేలిక.

ఆపుదామంటే గొంతు రాలేదు. తొమ్మిదేళ్ళుగా అరవకుండా ఉండడం నేర్చుకున్న గొంతు అది. వాడు కృష్ణప్రియ జడ చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. బళ్ళో హిందీ తప్ప మాట్లాడని నా కొడుకు, మెల్లగా, తెలుగులో, “అరవకు,” అన్నాడు. అప్పుడు కొట్టాడు.

బడి విడిచే వేళకి రజనీకుమారి వచ్చింది. పిల్ల చెంప మీద వేళ్ళ అచ్చులు. మేడమ్ గదిలో విక్రమ్ సారీ చెప్పాడు, కొట్టిన మర్నాడు పొద్దున్న వాళ్ళ నాన్న నాకు చెప్పేటంత చక్కగా. పిల్లల గొడవే కదా, పోనిమ్మన్నారు మేడమ్ హిందీలో. రజనీ నన్నే చూస్తోంది.

“కొట్టేడంటే సరే వదినా. ముందు కిటికీలెందుకు మూసీసేడు? ఆడికిది ఎవులు నేర్పేరు?”

బాత్‌రూంలో జారిపడ్డాను, అలమర తలుపు తగిలింది, పిల్లాడు బంతి విసిరాడు. ఇన్నేళ్ళూ వాడిన మాటలన్నీ నాలుక చివరికొచ్చాయి. ఈసారి అమ్మ ఏం చెబుతుందోనని విక్రమ్ తలెత్తి నా మొహంలోకి చూస్తున్నాడు. ఐదింటికి వాళ్ళ నాన్న డ్యూటీ దిగి ఇంటికొస్తారు. ఈ మాట ఆయన చెవిన పడితే ఏమవుతుందో నాకు తెలుసు. 

“వాళ్ళ నాన్న, రజనీ. నన్ను కొట్టే ముందు అలాగే మూసీస్తారు,” అన్నాను.

మేడమ్‌కి తెలుగు రాదు. అందుకని అదే మాట ఇంకోసారి హిందీలో చెప్పాను.